గోడకు ఆనుకుని పడుకున్న అమ్మ

నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది, దాని ముందు చిన్న వసారా. అది మా కిరాయి ఇల్లు. నాన్న అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు పదమూడేళ్లు. చెల్లె జ్వరంతో పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆ వానాకాలం నుంచి అమ్మకు సగం రాత్రికి మెలకువ వచ్చేది. పక్కనే పడుకునే నాకు ఆమె లేవడం తెలిసేది. వసారాలోకి పోయి, గోడకు వీపు ఆనించి తెల్లారేదాకా కూర్చునేది. చెల్లె కోసం ఏడుస్తున్నదనుకున్నాం. నాన్న చెల్లె గౌన్లన్నీ ట్రంకులో పెట్టి తాళం వేశాడు. పక్కింటి ముసలమ్మ దిష్టి తీసింది. మేనత్త వచ్చి, ఇంకో బిడ్డ పుడితే అంతా మరిచిపోతుందని చెప్పి పోయింది. అమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు.

ఒక రాత్రి నేనూ లేచి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఏడుస్తున్నవా అని అడిగాను. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"లేదు బిడ్డా. పండుకుంటే దమ్ము ఆడ్తలేదు. కూసుంటే జర నయం" అంది.

నాన్నకు చెప్పొచ్చు కదా అన్నాను. పిల్ల పోయిన ఇంట్లో తన రోగం సంగతి ఎత్తితే బాగుండదంది. నన్నూ చెప్పొద్దంది. నేను చెప్పలేదు. అమ్మ ఆ మాట నా ఒక్కదానికే చెప్పిందని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండింది.

పాదాలు వాచి, కాళ్ల కడియాలు చర్మంలోకి దిగాక గానీ నాన్న ఆమెను టాంగాలో దవాఖానకు తీసుకుపోలేదు. అక్కడి డాక్టరు ముసలాయన. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నదని నాన్న చెబితే, ఎందుకని ఆయన అడిగాడు. నాన్న చెల్లె సంగతి మొదలుపెట్టాడు.

"ఆమెను చెప్పనియ్యుండ్రి" అన్నాడు డాక్టరు.

అమ్మ చెప్పింది. డాక్టరు పరీక్ష చేసి చూశాడు. గుండె బలహీనమై, పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదట. రెండు మూడు నెలల ముందు వచ్చి ఉంటే మందు పనిచేసేదేమో అన్నాడాయన.

ఇంటికి వచ్చాక నాన్న ఉన్న బొంతలన్నీ మడిచి గోడ పక్కన ఎత్తుగా పేర్చాడు. అమ్మ వాటికి ఆనుకునే పడుకునేది. ఎండాకాలం రాకముందే పోయింది.

"ఎందుకు లేస్తున్నవని నేనొక్కసారన్న అడుగలే" అని నాన్న బతికినన్నాళ్లూ అనేవాడు. నేను అడిగానని, నాకు తెలుసని, ఆయనకు ఎన్నడూ చెప్పలేకపోయాను.