శౌరమ్మగారి రెండు నిమిషాల క్రీము

శౌరమ్మగారు "రెండు నిమిషాలు" అంటే నమ్మకూడదు. పటమటలో ఆ వీధి వీధంతటికీ తెలిసిన సంగతి ఇది. మిగతా విషయాల్లో ఆవిడ మాటంటే మాటే. కానీ "రెండే నిమిషాలు కూర్చోండి, కాస్త సలాడ్ క్రీము కలిపేస్తాను" అన్నారంటే మాత్రం, విన్నవాళ్లు చెప్పులు విప్పి, ఫ్యాను కింద కుర్చీ చూసుకుని, అన్నానికి తమకోసం ఎదురుచూడొద్దని ఇంటికి ఫోను చేసుకోవడం మంచిది.

చూడబోతే అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. గుడ్డలో మూటగట్టి నీళ్లన్నీ దింపేసిన పెరుగు, చెంచాడు ఆవపిండి, ఒక వెల్లుల్లి రెబ్బ, మిరియాలపొడి, ఉప్పు, చిటికెడు పంచదార. వీటిమీద నూనె సన్నగా పోస్తూ కవ్వంతో తిప్పి, చివర్న నిమ్మకాయ పిండితే అయిపోయింది. తెల్లగా, నున్నగా, చెంచా బోర్లించినా జారనంత చిక్కగా వస్తుంది. ఆదివారం కోడికూర లేనిదే ముద్ద దిగని ఇల్లు అది. అయినా ఆ క్రీములో గుడ్డు పడదు. "గుడ్డేస్తే పక్కింటి సీతారావమ్మగారు తినరు కదా. ఆవిడ తినకపోతే బాగుందని నాకెవరు చెప్తారు? మా ఆయనా?" అంటారు శౌరమ్మగారు.

చిక్కంతా నూనె పోసేటప్పుడు వస్తుంది. కవ్వం నాలుగు చుట్లు తిరిగేసరికి ఆవిడ చూపు కిటికీ దాటి వెళ్లిపోతుంది. చిన్నప్పటి ఊరు, కాలవగట్టు, పొద్దున్నే నీళ్లమీద కదలకుండా నిలబడే మంచు, ఆ మంచులోంచి ముందు పాట వినిపించి తర్వాత కనిపించే పడవ... ఒక్కొక్కటే బయటికొస్తాయి. కవ్వం నెమ్మదిస్తుంది. తర్వాత ఆగిపోతుంది. నూనె పోసేవాళ్ల చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది.

"మిక్సీలో వేసెయ్యొచ్చు కదండీ" అని ఎవరైనా అంటే ఆవిడకి కోపం.

"మిక్సీలో గిర్రున తిప్పేస్తే పాపం దానికి ఆలోచించుకోవడానికి టైమెక్కడుంటుంది?"

"క్రీముకా అండీ?"

"క్రీముకే. మనుషులకి ఎలాగూ లేదు."

భర్త మరియదాసుగారు కొండపల్లి కరెంటు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు చేసి రిటైరైన మనిషి. హాల్లో పేపరు చదువుతూ టిఫిను కోసం ఎదురుచూడటం ఆయన ప్రస్తుత ఉద్యోగం. "మా పెళ్లినాడు కూడా రెండు నిమిషాల్లో వస్తానని కబురంపింది. గుళ్లో ఉన్న పాటలన్నీ పాడేశారు. చివరికి ఫాదరుగారు క్రిస్మసు పాట ఎత్తుకున్నారు. మాది మే నెల పెళ్లి" అని ఆయన కొత్తవాళ్లందరికీ చెబుతారు.

ఆ ఇంటి మేడమీద గదిలో సింధూరి అద్దెకుండేది. ఊరు అవనిగడ్డ దగ్గర. సివిల్ డిప్లొమా చదివి, బెంజ్ సర్కిల్ దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేది. చేసేది అనడం ఎందుకంటే, జూన్ మొదట్లో ఒక సోమవారం వెళ్లేసరికి ఆ ఆఫీసుకి తాళం వేసి ఉంది. ఓనరు ఫోను ఎత్తలేదు. మూడోరోజుకి బోర్డు కూడా పీకేశారు.

ఈ సంగతి సింధూరి ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ వచ్చెయ్యమంటుంది. మా అమ్మాయి ఇంజనీరని ఊళ్లో అందరికీ చెప్పుకున్న అమ్మ. అందుకని రోజూ తొమ్మిదింటికి తయారై, టిఫిను డబ్బా బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగేది. బెంజ్ సర్కిల్ దాకా నడిచి, బస్టాపులో నిలబడి, వచ్చిన బస్సునల్లా తనది కాదన్నట్టు చూసేది. ఒకరోజు కండక్టరు తల బయటికి పెట్టి, "ఏ బస్సు కావాలమ్మా నీకు? మూడ్రోజుల్నించీ చూస్తన్నా, అది మా డిపోలో ఉందో లేదో కనుక్కుంటా" అన్నాడు. మర్నాటినుంచి స్టాపు మార్చింది.

ఆ మర్నాడే శౌరమ్మగారు మెట్లకింద కాపు కాశారు.

"అమ్మాయ్, రెండే నిమిషాలు. ఈ నూనె కాస్త సన్నగా పొయ్యి. నా చెయ్యి వణుకుతోంది."

"ఆఫీసుకి టైమవుతోంది ఆంటీ."

"రెండు నిమిషాలకి మునిగిపోయే ఆఫీసైతే అది ఆఫీసు కాదు, పడవ. రా."

సింధూరి స్టూలుమీద కూర్చుని గిన్నెలోకి నూనె వంచింది. తెల్లటి పెరుగులో బంగారు దారం దిగి మాయమవుతోంది. "ఇంకా సన్నగా... చీమ నడుస్తున్నట్టు పొయ్యాలి" అన్నారు శౌరమ్మగారు. చీమ సగం దారి నడిచేసరికి పదిన్నరైంది. అప్పటికి కథలో శౌరమ్మగారి నాయనమ్మ పడవెక్కింది. పదకొండింటికి కూడా దిగలేదు. మధ్యలో రెండుసార్లు సింధూరి ఉలిక్కిపడినట్టు నటించి, "అయ్యో, మా సారు తిడతారు" అంది.

"తిట్టనీ. రేపు నాలుగు కీరముక్కలు పట్టుకెళ్లి ఆయన నోట్లో పెట్టు" అన్నారు శౌరమ్మగారు, కవ్వం తిప్పకుండానే.

అది మొదలు రోజూ ఇదే తంతు. లేని ఆఫీసుకి ఆలస్యమవుతోందని సింధూరి రోజూ కంగారుపడేది. ఆ కంగారుని పట్టించుకోకుండా శౌరమ్మగారు రోజూ కాలవగట్టుకి వెళ్లిపోయేవారు. మొదట్లో సింధూరికి విసుగొచ్చింది. నెల తిరిగేసరికి విసుగుపడటం కూడా నటనే అయింది. నూనెధారని చూస్తూ వింటుంటే, తను ఎప్పుడూ చూడని ఆ కాలవగట్టు ఇల్లు కళ్లముందు గోడగోడగా లేచేది. కాలవవైపు కిటికీ ఇక్కడ. పొయ్యి ఇక్కడ. నాయనమ్మ కూర్చునే పీట ఇక్కడ. వంటింట్లోకి నీళ్ల వెలుతురు పడి పైకప్పుమీద ఆడేదట. ఆ వెలుతురు ఏ మూలనుంచి రావాలో సింధూరి మనసులోనే లెక్కగట్టేది. పదకొండున్నరకి బయటపడితే మిగిలిన పగలు చిన్నదిగా ఉండేది. లైబ్రరీలో కూర్చుని నాలుగు అప్లికేషన్లు పెట్టుకుంటే గడిచిపోయేది. బ్యాగులో డబ్బాతోపాటు సీసాడు క్రీము కూడా ఉండేది.

మరియదాసుగారి టిఫిను మాత్రం మూడు నెలలుగా పదకొండున్నరకి పడుతోంది. "అమ్మాయీ, మీ ఆఫీసులో నాకేమైనా ఉద్యోగం దొరుకుద్దా? ఎప్పుడొచ్చినా ఏమీ అనరులాగుంది" అన్నారాయన ఒకరోజు. శౌరమ్మగారు ఆయనవైపు చూసిన చూపుకి పేపరు పైకి లేచి ఆయన మొహాన్ని కప్పేసింది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం సింధూరికి ఫోనొచ్చింది. గుణదలలో ఒక ఆఫీసు. రేపు పదింటికి ఇంటర్వ్యూ. పావుగంట ముందే ఉండాలి.

రాత్రంతా ఆ పిల్లకి ఒకటే బెంగ. ఇంటర్వ్యూ గురించి కాదు, శౌరమ్మగారి గురించి. తొమ్మిదింటికి పట్టుకుంటే నాయనమ్మ పడవ దిగేదెప్పుడు, గుణదల చేరేదెప్పుడు? నిజం చెబుదామంటే మూడు నెలల అబద్ధం మొత్తం బయటపడుతుంది. ఆలోచించి ఆలోచించి, పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, పిల్లిలా మెట్లు దిగింది.

చివరి మెట్టుమీద శౌరమ్మగారు నిలబడి ఉన్నారు.

"ఆంటీ, ఇవాళ నిజంగా..." అనబోయి, ఆ 'నిజంగా' దగ్గర నాలుక కరుచుకుంది సింధూరి.

శౌరమ్మగారు ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూశారు. ఇస్త్రీ చీర, ఫైలు, చేతిలో చెప్పులు. గిరుక్కున వెనక్కి తిరిగి, అటకమీదనుంచి మిక్సీ దింపారు. పెరుగు, ఆవపిండి, వెల్లుల్లి, నూనె అన్నీ ఒక్కసారే కుమ్మరించి మీట తిప్పారు. గుర్రుమని ఇల్లంతా అదిరింది.

మరియదాసుగారు హాల్లోంచి పేపరుతో సహా పరిగెత్తుకొచ్చారు. "ఏవైందే? ఏం పేలింది?"

"ఏమీ పేల్లేదు. తప్పుకోండి."

నిమ్మకాయ పిండటం, డబ్బాలో కీర, క్యారెట్ ముక్కలు పరచడం, మీద క్రీము దిద్దడం, మూత బిగించడం అన్నీ అయ్యేసరికి గోడగడియారంలో పెద్దముల్లు సరిగ్గా రెండు గీతలు దాటింది. క్రీము ఎప్పటిలాగే తెల్లగా, నున్నగా ఉంది. సింధూరి నోరు తెరిచి చూస్తోంది. మరియదాసుగారు అంతకంటే ఎక్కువ తెరిచారు.

"నలభయ్యేళ్లు! రెండు నిమిషాల్లో చెయ్యడం వచ్చుండీ నలభయ్యేళ్లు నన్ను కూర్చోబెట్టావా?"

"మీకు తొందరేముంది?" అని, శౌరమ్మగారు సింధూరిని గుమ్మందాకా తోశారు. "వీధి చివర ఆటోలుంటాయి. పరిగెత్తు. చెప్పులేసుకుని పరిగెత్తు!"

గుణదల ఆఫీసులో పెద్దాయన ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. కాగితం, పెన్సిలు ఇచ్చి, "ఒక వంటిల్లు గీయమ్మా" అన్నాడు. సింధూరి కళ్లు మూసుకుంటే కాలవ కనిపించింది. కిటికీ అటు పెట్టింది. పొయ్యి దగ్గరే, వెలుతురు పడేచోట, చిన్న స్టూలు కూడా గీసింది.

"ఈ స్టూలెందుకు? వంట నిలబడి కదా చేస్తారు?"

"వంట చేసేవాళ్లకి కాదండీ. పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు కదండీ."

ఆయన ఆ బొమ్మని తన ఫైల్లో పెట్టుకున్నాడు. సోమవారంనుంచి రమ్మన్నాడు.

ఆ సాయంత్రమే సింధూరి అమ్మకి ఫోను చేసి మొత్తం చెప్పేసింది. అమ్మ కాసేపు తిట్టి, కాసేపు ఏడ్చి, చివర్న "మూణ్ణెల్లు మరి పగలంతా ఎక్కడున్నావే?" అని అడిగింది. అప్పుడుగానీ సింధూరి ఆ లెక్క తనకి తాను వేసుకోలేదు.

ఆదివారం శౌరమ్మగారు గుడినుంచి వచ్చాక, సింధూరి ఎవరూ పిలవకుండానే వెళ్లి స్టూలుమీద కూర్చుంది. శౌరమ్మగారు కవ్వం అందుకున్నారు. మిక్సీ మళ్లీ అటకెక్కేసింది.

"ఆంటీ, నాకు ఆఫీసు లేదని మీకెప్పుడు తెలుసు?"

"రెండోరోజే. రెండు గంటలు నా దగ్గర కూర్చుంటే నీ ఫోను ఒక్కసారీ మోగలేదు. ఉద్యోగమున్నవాళ్లని అంతసేపు ఎవరు వదిలేస్తారమ్మా?"

సింధూరి తల దించుకుంది. "మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వు చెప్పాలి. చెబితే ఏడుస్తావు. నువ్వు కూర్చుని ఏడుస్తుంటే నాకు నూనె ఎవరు పోస్తారే?"

సింధూరికి నవ్వాగలేదు. చెయ్యి కదిలి, గిన్నెలో చీమలాగా నడవాల్సిన నూనె ఏనుగులా దూకింది.