వెనక సీటు కింద పంపు చప్పుడు

నిన్న నాచారం రోడ్డు మీద ఎవరిదో కారు ఆగిపోయింది. అతను ఊరికే తాళం తిప్పుతూనే ఉన్నాడు. అలా తిప్పితే బ్యాటరీ పోవడం తప్ప లాభం లేదు. నేను ఆటోలో కూర్చుని, ఇంజనుకు పెట్రోల్ అందించే పంపు చప్పుడు కోసం చెవి రిక్కించాను.

మన ఈడువాళ్ళకు గుర్తుందా, బండి మొరాయిస్తే వాడంతా వచ్చి తోసేవారు? డెబ్బైల మొదట్లో ఉప్పల్‌లో మా నాయిన, దేశం వదిలి వెళ్తున్న ఒక జర్మన్ ఇంజనీరు దగ్గర ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు కొన్నాడు. ఒక ఆదివారం అది ఉన్నట్టుండి స్టార్ట్ కాలేదు. దవాఖానాలో ఉన్న అమ్మను చూడనిచ్చేది ఆదివారం సాయంత్రం మాత్రమే.

పక్కింటి రైల్వే మామ నవ్వాడు. “ఏంది బావా, నీ దొరబండి అలిగిందా? జర నూకుదాం, ఉరుకుతది.”

వీధి చివరిదాకా తోశారు. ఇంజను అందుకోలేదు.

“నూకితే రాదు బావా. కరెంటు పంపు తిరిగితేనే దీనికి పెట్రోల్,” అని నాయిన నన్ను వెనక సీట్లో చెవి ఆనించి పడుకోమన్నాడు. తాళం తిప్పగానే పంపు ఒక్క క్షణం గుంయ్‌మనాలి.

“ఇనవడ్తుందా బిడ్డా?”

“లేదు నాయినా.”

ఆయన కారు కిందికి దూరి, వానకు చిలుము పట్టిన పంపు తీగను ఉప్పు కాగితంతో రుద్ది బిగించాడు. ఈసారి సీటు కింద గుంయ్‌మంది. ఇంజను అందుకుంది.

మేం చేరేసరికి దవాఖానా గేటు మూసేశారు. పై అంతస్తు కిటికీలోంచి అమ్మ నాతో ఏదో చెబుతోంది. పెదవులు కదలడమే కనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు నాయిన తాళం తిప్పుతూ అడిగాడు, “ఇనవడ్తుందా బిడ్డా?”

“పంపు ఇనవడ్తుంది నాయినా,” అన్నాను.