రెండో ఫోన్ నంబరు

మా మేడమ్ గారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున్న వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అక్క ఇక లేదండి. ఆఫీసులో వాళ్లకి మీరే చెప్పండి, నాకు ఎవరి నంబర్లూ తెలీవు" అన్నాడు. ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టర్లు చెప్పాకే రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారని మాకందరికీ తెలుసు. అయినా ఆ మాట విన్నాక ముందు ఎవరికి చెప్పాలో తోచలేదు.

భీమవరంలో రొయ్యల మేత అమ్మే కంపెనీ మాది. కంప్యూటర్ విభాగంలో ఆవిడ నాకు పై అధికారి. రైతుల వివరాలు, చెరువుల్లో పెట్టిన మీటర్ల లెక్కలు ఒక చోటు నుంచి ఇంకో చోటికి వాటంతటవే చేరవేసే ప్రోగ్రాములు మా దగ్గర వందల్లో ఉంటాయి. వాటిని జాబులంటాం. వాటిని చూసుకోవడమే మా పని. ఆవిడ పనిచేస్తూ చర్చి కీర్తనలు కూనిరాగం తీసేవారు. రాగం ఆగిందంటే ఎక్కడో తప్పు దొరికిందని మాకర్థం. టీ మాత్రం పూర్తిగా చల్లారేదాకా ముట్టుకునేవారు కాదు. "వేడి టీ తాగాలంటే పని ఆపాలమ్మాయ్" అనేవారు.

ఆవిడ గురించి చెప్పాలంటే ఒక్క సంగతి చెప్పాలి.

చెరువు నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే రైతుకు ఫోన్ వెళ్లే ఏర్పాటు మా కంపెనీలో ఉంది. రైతు ఎత్తకపోతే రెండో నంబరుకు, అంటే చెరువు గట్టున కాపలా ఉండే మనిషికి వెళ్తుంది. ఒకసారి హెడ్డాఫీసు వాళ్లు రైతుల వివరాల్లోంచి ఆ రెండో నంబరు గడిని తీసేశారు. చాలామందికి అది ఖాళీగానే ఉందట. ఆ గడి పేరు పెట్టి వెతికితే ఏ జాబూ దాన్ని వాడుతున్నట్టు కనిపించలేదట. మమ్మల్ని అడగలేదు.

అది ముసురు పట్టిన వారం, చెరువుల్లో ప్రాణవాయువు పడిపోయే రోజులు. ఉండి వైపు ఓ కౌలు రైతు తల్లిని ఆసుపత్రిలో చేర్చి, ఫోన్ ఆపేసి ఆమె మంచం పక్కనే ఉన్నాడు. తెల్లారేసరికి చెరువంతా రొయ్యలు చచ్చి తేలిపోయాయి. అతను వచ్చి అడిగితే, వాతావరణం వల్లే అలా జరిగిందని రాసి పంపమన్నారు పైవాళ్లు.

మేడమ్ గారు రాయలేదు. ఫోన్ చేసే జాబు దగ్గర మొదలుపెట్టి, ఆ నంబరు దానికి ఎక్కణ్నుంచి వస్తోందో ఒక్కో జాబూ విప్పి చూస్తూ వెనక్కి వెళ్లారు. ఒకచోట దాని పేరు మారింది. ఇంకోచోట ఊరి పేరుతో కలిపి ఒకే గడిలో పెట్టారు. అందుకే పేరు పెట్టి వెతికితే దొరకలేదు. కూనిరాగం ఆగిపోయింది.

"చూడమ్మాయ్. నంబరు ఖాళీగా వచ్చింది, ఈ జాబు ఎవరికీ ఫోన్ చేయలేదు, అంతా సవ్యంగా అయిందని రాసుకుంది" అన్నారు.

ఆవిడ నాన్నగారు పంటకాలువ మీద లాకులు ఎత్తి దించే లస్కరుగా చేశారు. "లాకు దించే ముందు కాలువ చివరి శివారు చేను ఎవరిదో కనుక్కోవాలనేవారు మా నాన్న. వీళ్లు కనుక్కోలేదు" అన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆటోలో ఆ రైతు ఇంటికి వెళ్లారు. అతను కుర్చీలు వేశాడు.

"తప్పు మాదేనండి. మీ రెండో నంబరుకి ఫోన్ రాలేదు. మా దగ్గరే తెగిపోయింది" అన్నారు మేడమ్ గారు.

అతను ఒక అడుగు ముందుకొచ్చాడు. "రాలేదాండి? ఫోన్ అసలు రాలేదా?"

"రాలేదండి."

"మా బావమరిదండి గట్టు మీద పడుకునేది. ఫోన్ రాలేదు బావా అని ఒట్టేసి చెప్పాడు. తాగి పడుకున్నావని చెయ్యి చేసుకున్నాను. వెళ్లిపోయాడండి."

లోపల గదిలోంచి అతని భార్య ఏడుపు వినిపించింది. మేడమ్ గారు లేచి లోపలికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఆ బావమరిది కుర్రాడు మండపేటలో రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడని తర్వాత తెలిసింది. మేడమ్ గారు అక్కడికీ వెళ్లి, నీ తప్పేమీ లేదని చెప్పారు. అతను తల వంచుకుని విన్నాడట. "మీరు చెప్తే మా బావ నమ్మాడండి. నేను చెప్తే నమ్మలేదు" అన్నాడట. చెరువు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. రైతుకు కంపెనీ ఎంతో కొంత ఇచ్చింది, చాలా ఆలస్యంగా. మేడమ్ గారికి రావలసిన పెద్ద పోస్టు మాత్రం ఇంకొకరికి వెళ్లింది. ఆ మాట ఎత్తితే, "పోన్లే అమ్మాయ్, ఈ కిటికీ పక్క సీటు నాకు బాగుంది" అనేవారు. బాధ లేదని కాదు. ఆ ఏడాది ఆవిడ కూనిరాగం మేము ఎక్కువ వినలేదు.

అప్పట్నుంచి ఏ గడి తీసెయ్యాలన్నా, దాన్ని వాడే చివరి జాబు దాకా వెళ్లి చూశాకే ఒప్పుకునేవారు. జబ్బు పడ్డాక కూడా, మందులకు జుట్టంతా ఊడి తలకు స్కార్ఫ్ కట్టుకుని వచ్చి కూర్చునేవారు. చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు గొంతు సరిగా పెగల్లేదు. "తొందరపెడతారమ్మాయ్. పెట్టనీ. నువ్వు చూసే చెయ్యి" అన్నారు.

ఖననం రోజు సమాధి తోటలో వాన పడుతూనే ఉంది. మండపేట నుంచి ఆ కుర్రాడు వచ్చాడు. అందరితో పాటు గుప్పెడు మట్టి వేసి వెళ్లిపోయాడు.

నిన్న ఆవిడ లాగిన్ మూసెయ్యమని నాకు ఆర్డరు వచ్చింది. ఏ జాబులు ఆవిడ పేరు మీద నడుస్తున్నాయో ముందు వెతికాను. ఊరికే మూసేస్తే అవన్నీ చప్పుడు లేకుండా ఆగిపోతాయి. ఒక్కొక్కటీ విప్పి, ఆవిడ పేరు తీసి నా పేరు పెట్టాను. మధ్యాహ్నానికి తెర మీద ఆవిడ పేరు ఎక్కడా లేదు. లేచి ఆవిడ కిటికీ దగ్గర నిలబడ్డాను. రొయ్యల ప్లాంటుకు వెళ్లే ఐసు లారీ ఒకటి వీధి మలుపు తిరిగింది. అది వెళ్లిన దారి పొడవునా తారు మీద సన్నటి నీటి చార పడింది. ఎండకు, లారీ వచ్చిన వైపు నుంచి ఆరిపోతూ వస్తోంది.