బోణీ ట్రేకి సున్నా

ఆకివీడులో చేపల వ్యాపారం చేసే రాజుగారి షెడ్డులో నేను రాసిన ప్రోగ్రాం ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టాం. కాటా మీద ట్రే పెట్టగానే దాని నంబరు, బరువు తెర మీద వరసగా రావాలి. మొదటి ట్రే పెట్టారు. నంబరు దగ్గర సున్నా వచ్చింది.

"బోణీ ట్రేకి సున్నా ఏంటండీ?" అన్నారు రాజుగారు.

అందులో వరస నంబర్లు వేసే కోడు మాత్రం నాది కాదని, ఎవరో నెట్‌లో ఉచితంగా పెడితే దించుకున్నానని, ప్రోగ్రాముల్లో లెక్క సున్నాతోనే మొదలవుతుందని చెప్పాను. ఆయన లారీకి లోడు ఆపించేశారు. పక్కన ఐసు కరిగిపోతోంది. ఆ ముక్కూ మొహం తెలియనాయన కోడు తెరిచి, సున్నాని ఒకటి చేశాను.

"ఒకటి కూడా కాదండీ," అన్నారు రాజుగారు. "లాభం, రెండు, మూడు. మీ ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడు ఏమంటారండీ?"

నిజమే, మా నాన్నగారూ లాభం అనే మొదలుపెడతారు. అలాగే మార్చాను. లారీ కదిలింది.

తిరిగి ఏలూరులో ఇంటికి వచ్చాక ఆ కోడు రాసినాయనకి జరిగిందంతా మెయిల్ చేశాను. ఇందాకే జవాబొచ్చింది. మొదటి వరసకి ఎవరికి నచ్చిన పేరు వాళ్లు పెట్టుకునేలా కోడు మార్చాడట, ఉదాహరణగా 'లాభం' అనే ఉంచాడట. ట్రేలో ఏం చేపలని కూడా అడిగాడు.

మీ వైపు మొదటి కొలతని ఏమంటారో రాయండి. ఎప్పుడైనా ఆ కోడు దించుకుంటే మాత్రం మొదటి వరస చూసి కంగారుపడకండి. అది మా ఆకివీడు బోణీ.