ఇరవై ఒక్క చుక్కలు

నర్సింగ్ అమ్మాయిలకు సెలైన్ ఎక్కించడం నేర్పే పని నాది. కోదాడలో పొద్దున్నే బస్సెక్కి సూర్యాపేట దవాఖానకు వెళ్ళేదాన్ని. ఆ ఏడు నా చేతికింద ఎనిమిదిమంది రెండో సంవత్సరం వాళ్ళు. అందులో ఒకమ్మాయిది త్రిపురారం దగ్గరి తండా. మాట తక్కువ. సూది మాత్రం మొదటిసారికే నరంలోకి దించేది. నాకు అదే అనుమానం. ఇంత త్వరగా చెయ్యి తిరిగిందంటే ఊళ్ళో ఏ ఆర్‌ఎంపీ దగ్గరో చేసి ఉంటుంది, అక్కడి అడ్డదారులు కూడా నేర్చుకునే ఉంటుంది అనుకునేదాన్ని. అడగలేదు. కనిపెట్టి చూసేదాన్ని.

ఒక రోజు వాంతులూ విరేచనాలతో ఒక ముసలామెను తెచ్చారు. ఆమెదీ తండాయే. గుండె బలహీనం కాబట్టి అర లీటరు సెలైన్ ఎనిమిది గంటలు పట్టాలన్నాడు డాక్టరు. అంటే నిమిషానికి ఇరవై ఒక్క చుక్కలు. వేగం పెరిగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ మంచం ఈ అమ్మాయికే అప్పగించాను. తను చుక్కలు లెక్కపెట్టి, ట్యూబుకున్న చిన్న చక్రాన్ని తిప్పి సరిచేసింది. నేనూ లెక్కపెట్టాను. సరిగ్గానే ఉంది.

అరగంటకు వచ్చి చూస్తే నలభై దాటి పడుతున్నాయి. తగ్గించి వెళ్ళాను. మళ్ళీ వచ్చేసరికి మళ్ళీ అంతే. అమ్మాయి తాను ముట్టలేదంది. మంచం పక్కన ముసలామె కోడలు కూర్చుని ఉంది. సీసా అయిపోతే బస్సు అందుతుందని చక్రం తిప్పేసే చుట్టాలను నేను చాలామందినే చూశాను. పైగా వీళ్ళిద్దరూ లంబాడీలో ఏదో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నేను దగ్గరికి రాగానే ఆపేశారు.

ఏం మాట్లాడుకుంటున్నారని నిలదీశాను.

"చక్రం ముట్టొద్దని చెప్తున్న మేడమ్," అంది అమ్మాయి.

"మేం ముట్టలే. పొద్దుగాల్నుంచి గా పిల్ల గదే చెప్పవట్టె," అంది కోడలు.

ఇద్దరిదీ ఒకే మాట అయ్యేసరికి ముందే కూడబలుక్కున్నారని అనిపించింది. అమ్మాయిని వార్డు బయటికి పంపేసి, తన క్లినికల్ పుస్తకంలో 'నమ్మి రోగిని అప్పగించలేం' అని రాసి సంతకం పెట్టాను. తర్వాత చక్రం సరిచేసి, స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాను. కోడలి చేతుల మీదే నా కళ్ళు.

ముసలామె చెయ్యి చెంపకింద మడిచి పడుకుంది. కాసేపటికి నోరెండిపోతోందని లేచింది. కోడలు గ్లాసు అందించింది. అందుకోవడానికి ఆమె చెయ్యి చాపిందో లేదో, చుక్కలు గబగబా రాలడం మొదలుపెట్టాయి. లెక్కపెడితే నలభై మూడు. ఎవరూ దేన్నీ ముట్టలేదు.

క్యాజువాలిటీలో వాళ్ళు సూది మణికట్టు మడత దగ్గర పెట్టారు. చెయ్యి మడిస్తే దారి నొక్కుకుపోతుంది, చాపితే తెరుచుకుంటుంది. మేం ప్రతిసారీ మడిచిన చేతికే లెక్క కుదిర్చాం. ఏటా క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి నేను చెప్పే పాఠమే ఇది. మనుషులను అనుమానించే తొందరలో చేతిని చూడలేదు.

డాక్టరును పిలిచాను. ఆయన ఛాతీ విని, నీరు చేరలేదన్నాడు. అమ్మాయిని లోపలికి పిలిచి, సూదిని ముంజేతికి మార్పించాను. మిగతా ఏడుగురి ముందూ పుస్తకంలో నేను రాసింది కొట్టేసి, పొరపాటు నాదేనని చెప్పాను. ఆర్‌ఎంపీ సంగతీ అప్పుడే అడిగాను. తనెక్కడా పని చేయలేదట. హాస్టల్లో ప్లాస్టిక్ చెయ్యి మీద రోజూ సాధన చేసేదట.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాటి నుంచి చుక్కలు లెక్కపెట్టిన ప్రతిసారీ తను చార్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చేది.

"మీరు గూడ లెక్కపెట్టుండ్రి మేడమ్. పెట్టినంక సంతకం చెయ్యుండ్రి."

మిగతా పిల్లలెవరూ అలా అడగలేదు. ఆ పోస్టింగ్ అయ్యేదాకా గంట గంటకూ లెక్కపెట్టి సంతకం చేశాను. నేను వార్డులో ఉన్నంతసేపూ ఆ అమ్మాయి లంబాడీలో ఒక్క మాట మాట్లాడగా వినలేదు.