మామయ్యకొచ్చిన యాభై ఆరు

మా మేనమామ టవర్ క్రేన్ నడుపుతాడు. పొద్దున ఏడింటికి ఇనుప నిచ్చెన ఎక్కాడంటే మళ్లీ నేల మీద కాలు పెట్టేది మధ్యాహ్నం భోజనానికే. అందుకే ఇంట్లో అందరికీ ఆయన పైమామయ్య. పేరుకే పై, మా అత్తయ్య ఒక్క కేక వేసిందంటే పిల్లిలా వచ్చి పీట మీద కూర్చుంటాడు.

నేను ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. కంపెనీ వాళ్లు ఏటా చేయించే పరీక్షల రిపోర్టు పట్టుకుని ఒక సాయంత్రం నా దగ్గరికి నవ్వుకుంటూ వచ్చాడు.

"చూడు తల్లీ, కిడ్నీల్లో యాభై ఆరొచ్చింది. సగానికి పైనే. పాసే కదా!"

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె జారింది. ఆయన మార్కులనుకున్నది ఈజీఎఫ్ఆర్. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయో అంచనా కట్టే అంకె. తొంభై దాటితే నిశ్చింత, అరవైకి తగ్గితే ఆరా తీయాల్సిందే. పై వరసలో క్రియాటినిన్ 1.5, పక్కనే హద్దు దాటిందని చుక్క గుర్తు. అది కండరాలు వదిలే చెత్త. కిడ్నీలు సరిగ్గా బయటికి పంపకపోతే రక్తంలోనే పోగుపడుతుంది.

"పరీక్షకు ముందు నీళ్లు తాగావా మామయ్యా?"

"ఏమీ తినొద్దన్నారుగా, నీళ్లు కూడా ముట్టలేదు. అయినా పనిలో ఎప్పుడు తాగాను గనక? తాగితే దిగాలి. దిగి మళ్లీ ఎక్కేసరికి అరగంట. అంతసేపూ కింద నలభై మంది చేతులు కట్టుకుని కూర్చోవాలి."

"ఇరవై ఏళ్లుగా ఇంతేనా?"

"అలవాటైపోయిందిలే."

"మరి మోకాళ్ల నొప్పులకి?"

"రోజూ ఓ మాత్ర. లేకపోతే ఆ నిచ్చెన ఎక్కడం నా వల్లవుతుందా?"

నాకు ఒళ్లు మండింది. ప్రాణమైన మనిషి మీదే కోపమూ ఎక్కువ. మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఒక్క రిపోర్టు చూసి జబ్బని తేల్చలేమన్నాడాయన. ఒంట్లో నీరు తగ్గినా, నొప్పి మాత్రలు రోజూ మింగినా అంకెలు ఇలా వస్తాయట. నొప్పి మాత్రలు ఆపి, సరిపడా నీళ్లు తాగి, రెండు వారాల తర్వాత రక్తం, మూత్రం మళ్లీ పరీక్ష చేయించమన్నాడు. అప్పుడూ ఇలాగే ఉంటే క్రేన్ పని మానుకోవాల్సి రావచ్చన్నాడు.

మామయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. పని మానడం ఒక భయమైతే, మధ్యలో దిగుతానని నోరు తెరిచి అడగడం ఇంకో భయం. ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు మా పిచ్చి మామయ్య.

రెండు వారాలకు ఎనభై ఒకటి వచ్చింది. క్రియాటినిన్ 1.1, మూత్రంలో ప్రోటీన్ లేదు. మూడు నెలలకు మరోసారి చూద్దామన్నాడు డాక్టరు. ల్యాబ్‌లో అందరూ చూస్తున్నా సరే, మామయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

"ఇంతకీ మీ మేస్త్రీని ఎలా అడిగావు?"

"వైర్‌లెస్‌లో. నోరు పెగిలితేనా! 'పదింటికోసారి దిగుతానండీ, నీళ్లు తాగాలి' అన్నాను. ఆయన సరేననే లోపే అవతలి క్రేన్ నడిపే పెద్దాయన అందుకున్నాడు, 'అయితే నేనూ దిగుతానండీ' అని."

మామయ్య రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చున్నాం తల్లీ. ఆయన దిగట్లేదు కదా అని నేను దిగలేదు. నేను దిగట్లేదని ఆయన దిగలేదట."