మరచెంబులో బావినీళ్ళు

మా చిన్నాయన ఈత రాక సముద్రంలో పోయాడని పెనుకొండ చుట్టుపక్కల చెప్పుకునే మాట పచ్చి అబద్ధం. మొన్న ఆదివారం దాన్ని మళ్ళీ విన్నాను, అదీ మా బావిగట్టు మీదే. కాలువ నీళ్ళతో చెరువు నిండాక, ఏళ్ళ తరబడి ముళ్ళకంప పెరిగిన మా దిగుడుబావిలోనూ ఊట పడింది. తమ్ముడు దాన్ని శుభ్రం చేయించి, కూతురి నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి ఈత నేర్పుతుంటే, వరసకు పెదనాయన అయ్యే ముసలాయన ఒకరు గట్టున చేరాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో ఒగడు నీళ్ళలో పోయింది చాల్లేదా? ఈత రాకనే గదా పాయ వాడు. సీమోళ్ళకు నీళ్ళు అచ్చిరావు."

నేను ఊరుకునే రకం కాదని ఆయనకూ తెలుసు. "మా చిన్నాయన పోయింది యుద్ధంలో, పెదనాయనా. ఆయన ఈ గట్టుమీద నుంచి దూకేటోడు. నువ్వు మోకాలి లోతు దాటి దిగింది ఎవరన్నా చూసినారా?" అన్నాను. పిల్ల నీళ్ళలోనే కిసుక్కున నవ్వింది.

చిన్నాయనకు ఈత నేర్పింది మా అవ్వ. కొడుకు నడుముకు సొరబుర్ర కట్టి, దానికో తాడు కట్టి, ఆ కొస తన చేతికి చుట్టుకుని, చీర దోపుకుని మెట్టుమీద కూర్చునేదట. పెద్దవాడై ఆయన నేవీలో చేరాడు. డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చింది, తీరాన్ని కాస్తున్న ఓడతోపాటే ఆయనా మునిగాడని కబురొచ్చింది. అప్పుడు నేను ఉయ్యాల్లో ఉన్నానట. శవం రాలేదు కాబట్టి మా చేనిలో తాత సమాధి పక్కన ఆయనకు సమాధి లేదు. పెద్దల అమావాస్యనాడు తాతకు సమాధి దగ్గర విస్తరి వేసి, కొడుక్కు ఎక్కడ వేయాలో తెలియక అవ్వ బావిమెట్టు మీద పెట్టి వచ్చేది. సరిగ్గా నేర్పింటే బతికేవాడని ఒకరు, నేర్పబట్టే అటు పోయినాడని ఇంకొకరు అనేవాళ్ళు. రెండు నిందలూ అవ్వే మోసింది.

నేను హిందూపురంలో డిగ్రీ ముగించి ఇంటిపట్టున ఉన్న రోజుల్లో, ఆ యుద్ధంలో పోయిన నావికుల కోసం విశాఖ ఒడ్డున స్మారకం కట్టారని పేపర్లో చూసి అవ్వకు చదివి వినిపించాను. తనను అక్కడికి తీసుకుపొమ్మంది. అంత దూరం ఈ వయసులో ఎందుకని నాయన అడ్డం పడితే, ఆయనతో వాదించి గెలిచింది నేనే. ధర్మవరంలో రైలెక్కాక చూస్తే అవ్వ ఒళ్ళో మరచెంబు. అడుగంటిన మా బావిలో దిగి తోడుకున్న నీళ్ళట. సముద్రం దగ్గరికి నీళ్ళు మోసేవాళ్ళలో నిన్నే మొదట చూస్తున్నానని నవ్వాను.

"ఆ నీళ్ళు తాగేటివా పాపా? ఇన్నేండ్లు ఉప్పునీళ్ళలో ఉండాడు. ఎంత దప్పిగొన్నాడో బిడ్డ."

విశాఖ దాకా ఆ మరచెంబును నేనే ఒళ్ళో పెట్టుకున్నాను.

స్మారకం పాదం దగ్గర అవ్వ మరచెంబు మూత తిప్పబోతుంటే కాపలా అతను పరుగున వచ్చాడు. "ఏటమ్మా అది? ఇక్కడ నీళ్ళు గట్రా పొయ్యకూడదు," అన్నాడు. ఏ రూలులో ఉందో చూపించమని నేను కాలేజీ గొంతుతో మొదలుపెట్టాను. అవ్వ నన్ను పక్కకు నెట్టి, "నా కొడుకు ఈడ ఉండాడప్పా. మా బావినీళ్ళు తెచ్చినా," అంది. అతను కాసేపు సముద్రం వైపు చూసి, "ముందు నాకు కాసిన్ని పొయ్యమ్మా, గొంతెండిపోతంది," అని దోసిలి పట్టి వంగాడు. అవ్వ ధారగా పోసింది. అతను తాగినంతసేపూ ఆ వంచిన తలనే చూస్తూ నిలబడింది. మిగిలిన నీళ్ళు ఆ రాతి పాదాన పోసింది. అతను మళ్ళీ అడ్డం రాలేదు.

తిరుగు రైల్లో అవ్వ ఖాళీ మరచెంబు తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. ఊరు చేరాక ఎవరో పాత మాట ఎత్తితే, "ఈత నేర్పింది నేనే, బాగా నేర్పినా," అని మొదటిసారి తల ఎత్తి చెప్పింది.

అవ్వ పోయి చాలా కాలమైంది. బావినీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో లేరు, ఇంటింటికీ క్యాన్లే. అయినా ఈ ఏడు బావి నిండింది, మా ఇంటి ఆడపిల్ల అందులో సొరబుర్ర విప్పేసి ఒడ్డు నుంచి ఒడ్డుకు ఈదింది. మెట్టెక్కి తల తుడుచుకుంటూ, ఆ చిన్నతాతకు అంత బాగా ఈత వచ్చి ఉంటే మరి ఎందుకు బయటికి రాలేదత్తా అని అడిగింది. అందరితో వాదించి నోరు మూయించే నేను, ఆ పిల్ల చేతిలో తువ్వాలు తీసుకుని తల తుడిచాను. అప్పటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను: ఈత వచ్చినవాడు బయటికి రాలేదంటే, ఆ ఓడలో ఆఖరున ఎవరి చెయ్యి పట్టుకుని ఉండిపోయాడు?